షిఫ్టు డ్యూటీల్లో ఇసబ్‌గోల్ పొట్టు: ఆసుపత్రి సిబ్బంది వైపు నుంచి ఒక సమీక్ష

ఆసుపత్రిలో రోగులకు రాసిచ్చే వాటిలో, రాసిచ్చేవారూ అందించేవారూ కూడా తమ కోసం సంచిలో పెట్టుకునేది ఏదైనా ఉందంటే అది ఇసబ్‌గోల్ పొట్టే. సైలియం అన్న పేరుతోనూ అమ్ముడయ్యే ఈ పొట్టు ప్లాంటగో ఒవాటా అనే మొక్క గింజల మీద ఉండే పలుచని పొర. మలబద్ధకానికి మందుగా ఎంతోకాలంగా వాడుకలో ఉన్న ఈ వస్తువును ఇప్పుడు రోజూ తీసుకోవలసిన పీచు (ఫైబర్) పూరకంగా, అంటే సప్లిమెంట్‌గా, ఒంటికి హుషారునిచ్చే అలవాటుగా కూడా ప్రచారం చేస్తున్నారు. షిఫ్టుల్లో పనిచేసే ఆసుపత్రి ఉద్యోగిగా నేను దీన్ని వాడుతున్నాను. తోటి నర్సులూ, ల్యాబ్ సిబ్బందీ, వార్డు సహాయకులూ వాడటం చూస్తున్నాను. ఈ సమీక్షలో ఏ ఒక్క కంపెనీ డబ్బానూ నేను తూచడం లేదు. పొట్టు, పొడి, గుళికలు, రుచి కలిపిన పొడి అన్న నాలుగు రూపాల్లో దొరికే ఈ సరుకు మా వంటి పని చేసేవారికి ఎంతవరకు అక్కరకొస్తుంది, పీచు ఎక్కువగా తినేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పుకుంటారా అన్నదే నా పరిశీలన.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విరేచనం క్రమంగా కావడానికి ఇంత నమ్మకంగా, ఇంత నెమ్మదిగా, పెద్దగా ఇబ్బంది పెట్టకుండా పనిచేసే పూరకం మరొకటి నాకు తెలియదు. రక్తంలో కొలెస్టరాల్ విషయంలోనూ దీనికి గట్టి ఆధారం ఉంది. అయితే "మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగినప్పుడు "బాగుంది" అని మనస్ఫూర్తిగా అనగలిగే స్థితిని ఈ డబ్బా ఒక్కటే తెచ్చిపెడుతుందని ఆశించేవారికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయలేను.

ఆసుపత్రి పనివారికి పీచు ఎందుకు తక్కువ పడుతుందో గమనిస్తే ఈ పొట్టుకు ఇంత గిరాకీ ఎందుకుందో అర్థమవుతుంది. పీచు ఎక్కువగా ఉండే ఆహారం నమలడానికి సమయం పడుతుంది; పప్పుగింజలు, కూరగాయలు, ముడి ధాన్యాలు వండుకోవడానికి ఓపిక కావాలి. విరామం ఎప్పుడు దొరుకుతుందో తెలియని డ్యూటీలో చేతికి అందేవి బిస్కెట్లు, తీపి పానీయాలు, మైదాతో చేసిన చిరుతిండ్లు. రాత్రి వేళ ఆసుపత్రి క్యాంటీన్ తెరిచి లేకపోతే ఎంపిక మరింత కుంచించుకుపోతుంది. దీనికి తోడు పెద్దపేగు కదలికలకు శరీరంలోని గడియారంతో సంబంధం ఉంది: నిద్ర లేవగానే, భోజనం చేసిన తరువాత అవి చురుకుగా ఉంటాయి, రాత్రి నిద్రలో మందగిస్తాయి. వారం వారం షిఫ్టు మారే మనిషికి ఈ లయ తప్పుతుంది. అంతకన్నా పెద్ద సమస్య, దీని గురించి మేము పైకి మాట్లాడనిది, రోగిని వదిలి వెళ్లలేక మలవిసర్జనకు వెళ్లాలన్న కోరికను అణచుకోవడం. పదే పదే అణచుకుంటే పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) ఆ సంకేతానికి మొద్దుబారుతుంది, మలంలోని నీరు మరింతగా పీల్చుకోబడి అది గట్టిపడుతుంది. మళ్లీ మళ్లీ మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని మంచినీళ్లు తాగడం తగ్గించుకునే సహోద్యోగులు కూడా ఉన్నారు. పీచు పొడి ఈ అలవాట్లను సరిదిద్దదు, సరికదా, నీళ్లు తాగని మనిషికి అది కొత్త చిక్కు తెచ్చిపెట్టగలదు.

ఎంత పీచు కావాలన్న దాని మీద పెద్ద సంస్థల మధ్య తేడాలున్నా అంకెలు మరీ దూరంగా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకం పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు అంటోంది. బ్రిటన్ పోషకాహార సలహా సంఘం 2015లో 30 గ్రాములని నిర్ణయించింది. అమెరికాలో వాడే లెక్క ప్రకారం ప్రతి 1000 కేలరీలకు 14 గ్రాములు. ఒక చెంచా పొట్టు నుంచి వచ్చేది సుమారు మూడు నాలుగు గ్రాములు మాత్రమే. డబ్బా మీద "రోజువారీ పీచు" అని ఎంత పెద్ద అక్షరాలతో ముద్రించినా, ఈ లెక్క ముందుంచుకుని చదివితే పూరకం అన్న మాట ఎంతవరకు నిజమో తేలుతుంది. మిగిలిన ఇరవై గ్రాములకు పైగా పళ్లెంలోంచే రావాలి.

ఇక ఈ పొట్టు లోపల ఏం చేస్తుందన్నది నిజంగా మెచ్చుకోదగిన సంగతి. నీటిలో వేయగానే ఇది ఉబ్బి చిక్కటి జిగురుగా మారుతుంది. చాలా రకాల కరిగే పీచులు పెద్దపేగుకు చేరగానే అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమై పులిసిపోతాయి. ఈ జిగురు మాత్రం చాలావరకు పులియకుండా చివరిదాకా నీటిని పట్టుకుని ఉంటుంది. అందుకే గట్టిపడిన మలాన్ని ఇది మెత్తబరుస్తుంది, పలచగా ఉన్నదాన్ని దగ్గరకు చేరుస్తుంది. రెండు వ్యతిరేక సమస్యలకూ ఒకే వస్తువు పనికిరావడం వెనుక మర్మం ఏమీ లేదు, నీటిని పట్టి ఉంచే గుణమే కారణం. ఫలితం వెంటనే కనిపించదు: సాధారణంగా 12 నుంచి 72 గంటలు పడుతుంది. రాత్రి తాగి తెల్లవారే సరికి పని జరగాలనుకునేవారు నిరాశపడి మోతాదు పెంచేస్తారు, అది సరైన పద్ధతి కాదు.

కొలెస్టరాల్ విషయంలో దీని పనితీరు ఇంకా ఆసక్తికరం. చిన్నపేగులో ఈ జిగురు పైత్యరస ఆమ్లాలను తనలో చిక్కించుకుని బయటికి తీసుకుపోతుంది. వాటి లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను లాక్కుని కొత్త ఆమ్లాలను తయారు చేసుకుంటుంది. ఆ మేరకు రక్తంలో చెడు కొలెస్టరాల్ తగ్గుతుంది. సంతృప్త కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంతో పాటు రోజుకు 7 గ్రాముల కరిగే పీచు సైలియం నుంచి అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1998లో అనుమతించింది. ఆ మోతాదుకు సుమారు 10 గ్రాముల పొట్టు కావాలి, అంటే రోజుకు రెండు మూడు సార్లు తీసుకోవాలి. ఒక్క చెంచాతో సరిపెట్టుకుంటూ గుండెకు రక్షణ దొరికిందని అనుకోవడం తగదు.

ఇతర పూరకాలతో పోల్చి చూస్తే నా మొగ్గు దీనివైపే. షికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్ అనే పీచు రుచిగా ఉంటుంది, నీటిలో కనిపించకుండా కరిగిపోతుంది, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. కానీ త్వరగా పులుస్తుంది కనుక గ్యాసు, ఉబ్బరం ఎక్కువ. శస్త్రచికిత్స గదిలో గంటల తరబడి నిలబడేవారికీ, రోగి మంచం పక్కన వంగి పనిచేసేవారికీ అది సామాన్యమైన అసౌకర్యం కాదు. గోధుమ తవుడు మంచిదే, అయితే ముతకగా ఉన్నప్పుడే పేగు గోడను ప్రేరేపించి మలాన్ని కదిలిస్తుంది. మెత్తగా పొడి చేసిన తవుడుకు ఆ శక్తి ఉండదు. సైలియంతో కూడా మొదట్లో కొంత ఉబ్బరం ఉంటుంది. సగం చెంచాతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోతే అది సర్దుకుంటుంది.

రూపాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏ రుచీ కలపని పొట్టు. నాలుకకు గరుకుగా తగులుతుంది, కలిపిన వెంటనే తాగకపోతే గ్లాసులోనే ముద్దగా గడ్డకడుతుంది. విరామం మధ్యలో పిలుపు వస్తే ఆ గ్లాసు ఇక వృథా. అయినా అందులో పొట్టు తప్ప మరేమీ ఉండదు. పండ్ల రుచి కలిపిన పొడులు తాగడానికి హాయిగా ఉంటాయి గానీ, కొన్నిటిలో ఒక మోతాదుకు పొట్టు కన్నా చక్కెరే ఎక్కువ బరువు తూగుతుంది. చక్కెర లేని రకాల్లో అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం ఉండవచ్చు, ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారు దాన్ని తీసుకోకూడదు. గుళికలు డ్యూటీలో అన్నిటికన్నా సౌకర్యం. అయితే ఒక్కో గుళికలో ఉండేది సుమారు అర గ్రాము, కాబట్టి ఒక చెంచా పొట్టుకు సరితూగాలంటే ఆరేడు మింగాలి, ప్రతిసారీ గ్లాసు నిండా నీళ్లు తాగాలి. గుళిక చిన్నది కదా అని ఒక గుటకతో సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

నీటి విషయాన్ని నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఒక మోతాదుకు కనీసం 240 మిల్లీలీటర్ల నీరు ఉండాలన్నది డబ్బాల మీద ఉండే హెచ్చరిక. నీరు చాలకపోతే పొట్టు గొంతులోనో అన్ననాళంలోనో ఉబ్బి అడ్డుపడుతుంది. పలుకుల రూపంలో ఉన్న సైలియం విరేచన మందులు అన్ననాళంలో అడ్డుపడుతున్న కారణంగానే 2007లో అమెరికా నియంత్రణ సంస్థ వాటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మదగిన మందుల జాబితా నుంచి తొలగించింది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగు సన్నబడినవారు, కారణం తెలియని కడుపునొప్పితో ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

షిఫ్టు ఉద్యోగులు తప్పక తెలుసుకోవలసిన మరొక నియమం ఉంది: దీన్ని పడుకోబోయే ముందు తీసుకోకూడదు. నిద్రలో పేగుల కదలిక మందగించినప్పుడు ఉబ్బిన ముద్ద నిలిచిపోయే అవకాశం ఉండటమే అందుకు కారణం. పగటి డ్యూటీ చేసేవారికి రాత్రి పడుకునే ముందు వద్దన్నది సులభంగానే అర్థమవుతుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని ఉదయం ఇంటికి వచ్చి, ఏదో తిని, ఒక గ్లాసు కలుపుకుని తాగి వెంటనే మంచమెక్కేవారు ఇదే నియమాన్ని తెలియకుండానే మీరుతున్నారు. వారికి ఉదయమే రాత్రి. మధ్యాహ్నం లేచాక, లేదా సాయంత్రం డ్యూటీకి బయలుదేరడానికి చాలినంత ముందు తీసుకోవడం మేలు. ఇంత ముఖ్యమైన సూచన "పడుకునే ముందు" అన్న మాటతో మాత్రమే ఆగిపోవడం, షిఫ్టులవారికి ప్రత్యేకంగా ఒక వాక్యం కూడా లేకపోవడం నేను చూసిన డబ్బాలన్నిటిలోనూ కనిపించిన లోపం.

ఈ సరుకు గురించి సాధారణ వాడకందారుకు అవసరం లేకపోయినా మాకు చాలా అవసరమైన సంగతి ఇంకొకటి. పొడిని గ్లాసులో వేసేటప్పుడు లేచే సన్నని దుమ్మును పదే పదే పీల్చడం వల్ల సైలియం పట్ల అలర్జీ ఏర్పడవచ్చు. దీర్ఘకాలిక రోగుల ఆసుపత్రుల్లో రోజూ రోగులకు ఈ పొడి కలిపి ఇచ్చే నర్సుల్లో వృత్తి వల్ల వచ్చే ఉబ్బసం వైద్య పత్రికల్లో నమోదైంది. ముక్కు కారడం, కళ్లు దురద పెట్టడం, ఆయాసం వంటివి ముందు మందుల గదిలోనే కనిపిస్తాయి. అలా అలర్జీ పెంచుకున్న వ్యక్తి తరువాత తన కోసం ఇదే పొట్టును తాగినప్పుడు తీవ్రమైన ప్రతిచర్య వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి రోగులకు ఈ పొడి కలుపుతున్నప్పుడు తుమ్ములు, పిల్లికూతలు గమనించిన ఏ సహోద్యోగి అయినా వైద్యుణ్ని సంప్రదించకుండా దీన్ని నోట్లో వేసుకోవద్దని నా గట్టి విన్నపం. ఎక్కువ దుమ్ము లేవని ముతక పొట్టును ఎంచుకోవడం, గ్లాసులో ముందు నీళ్లు పోసి తరువాత పొట్టు వేయడం, మూత వెంటనే బిగించడం వంటివి వార్డులో పాటించడానికి కష్టమేమీ కావు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. పీచు ఎక్కువగా తినేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పుకుంటారా? తన ఆరోగ్యాన్ని తానే అంచనా వేసుకోవడం తేలికపాటి విషయంలా కనిపిస్తుంది గానీ, పరిశోధకులు దానికి చాలా విలువ ఇస్తారు. "మీ వయసువారితో పోలిస్తే మీ ఆరోగ్యం అద్భుతమా, బాగుందా, ఫరవాలేదా, బాగాలేదా" అన్న తీరు ప్రశ్న ఎంత చిన్నదైనా దాని జవాబు రాబోయే కాలాన్ని సూచిస్తుంది. కెనడాలోని మానిటోబాలో వృద్ధుల మీద జరిగి 1982లో ప్రచురితమైన అధ్యయనంలో, బాగాలేదన్నవారికి మరణ ప్రమాదం అద్భుతమన్నవారి కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. వైద్యుల రికార్డుల్లోని జబ్బులను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ జవాబు బరువు తగ్గలేదు. 1997లో ఇటువంటి 27 అధ్యయనాలను కలిపి సమీక్షించినవారూ అదే దిశను చూశారు. మనిషికి తన ఒంటి సంగతి పరీక్షల కాగితాల కన్నా ముందే కొంత తెలుస్తుందని దీని అర్థం.

పీచు వైపు నుంచి చూస్తే, 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష 185 దీర్ఘకాల పరిశీలనలను, 58 ప్రయోగాలను ఒకచోట చేర్చి, పీచు ఎక్కువగా తినేవారికి తక్కువగా తినేవారితో పోలిస్తే మరణాలు, గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం తక్కువని తేల్చింది. మేలు బాగా కనిపించింది రోజుకు 25 నుంచి 29 గ్రాముల మధ్య. కానీ ఆ పరిశీలనల్లోని పీచులో ఎక్కువ భాగం ముడి ధాన్యాల నుంచీ, పప్పుగింజల నుంచీ, కూరగాయల నుంచీ, పండ్ల నుంచీ వచ్చినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన సిఫారసులో ఆహారంలో సహజంగా ఉన్న పీచు అనే స్పష్టంగా అంటోంది. ఆ ఆహారంతో పాటు విటమిన్లు, ఖనిజాలు, నమిలి తినే తీరిక, కుదురైన భోజనవేళ కూడా వస్తాయి. పొట్టు తాగినవారికి ఇవేవీ రావు.

ఆసుపత్రి సిబ్బందిని ఏదో ఒక రోజున ప్రశ్నాపత్రంతో అడిగి, పీచు ఎక్కువ తినేవారే తమ ఆరోగ్యం బాగుందంటున్నారని కనుగొన్నంత మాత్రాన పీచు వల్లే అలా అనిపించిందని చెప్పలేం. ఒంట్లో సత్తువ ఉన్నవారే వండుకుని తింటారు. పగటి షిఫ్టు దొరికినవారికే వేళకు భోజనం కుదురుతుంది. బాగా జబ్బుపడినవారు ఆ ఉద్యోగంలోనే మిగలరు. తిన్నది గుర్తు తెచ్చుకుని రాయమంటే పోషకాహారం గురించి చదువుకున్న మా వంటివారు తినవలసినది రాసే అవకాశమూ ఉంది. నాకు కనిపించినంతలో, పొట్టు తాగడం మొదలుపెట్టిన సహోద్యోగుల్లో కడుపు తేలికపడింది, మొలల బాధ తగ్గింది అన్నవారు చాలామంది. అలసట తగ్గింది, ఆరోగ్యం కుదుటపడింది అన్నవారు అరుదు, వారిలోనూ ఎక్కువమంది అదే సమయంలో డ్యూటీ పట్టికలో మార్పు దొరికినవారు. కడుపు సుఖంగా ఉండటం చిన్న విషయం కాదు, పన్నెండు గంటల డ్యూటీ చేసేవారికి అది పెద్ద ఊరట. అయినా పీచు పొట్లాలను సిబ్బంది గదిలో ఉచితంగా పెట్టి సంక్షేమ కార్యక్రమం పూర్తయిందనుకునే యాజమాన్యాలతో నేను ఏకీభవించలేను. అదే ఖర్చుతో రాత్రి వేళ ఉడికించిన పప్పుగింజలు, తొక్కతో తినే పండ్లు అందుబాటులో ఉంచితే మేలు ఎక్కువ: 100 గ్రాముల ఉడికిన మసూరు గింజల్లో సుమారు 8 గ్రాములు, తొక్క తీయని ఒక ఆపిల్‌లో సుమారు 4 గ్రాముల పీచు ఉంటుంది. వాటిని కూర్చుని తినడానికి ఇరవై నిమిషాల విరామం కూడా ఇవ్వాలి.

మందులు వాడుతున్నవారికి ఒక జాగ్రత్త: ఈ జిగురు కొన్ని మందులు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. లిథియం, కార్బమజెపీన్, థైరాయిడ్ మాత్రలు వాడేవారు వైద్యుణ్ని అడిగే మొదలుపెట్టాలి. ఇతర మందులకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండటం మంచిది. ఇన్సులిన్ తీసుకునేవారిలో భోజనం తరువాత చక్కెర పెరుగుదల నెమ్మదించి, మోతాదు సవరించవలసి రావచ్చు. విరేచనం తీరు హఠాత్తుగా మారినా, మలంలో రక్తం కనిపించినా ఏ పొట్టుతోనూ సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. రోగులకు ఈ మాట రోజూ చెప్పే మేమే మా విషయంలో వాయిదా వేస్తూ ఉంటాం.

అయిదు పాయింట్లకు పేగుల క్రమానికి నాలుగున్నర, కొలెస్టరాల్‌కు సరైన మోతాదులో వాడితే నాలుగు, డ్యూటీలో వాడుక సౌకర్యానికి రెండున్నర, మొత్తం ఆరోగ్యభావనకు రెండు ఇస్తాను. కొనేవారు రుచి గానీ చక్కెర గానీ కలపని ముతక పొట్టును, మూత గట్టిగా పడే డబ్బాలో తీసుకోవాలి. వెనుక పట్టికలో ఒక మోతాదుకు ఎన్ని గ్రాముల పీచు ఉందో, అందులో కరిగేది ఎంతో రాసి ఉంటేనే కొనాలి.